ఇంటిలో క్రొత్త ప్లగ్గు పెట్టించుకొనువారికి

మన సంఘ సభ్యులలో పలువురికి హైదరాబాదు తూర్పుభాగముతో సంబంధము కలదు. విజయవాడ బాటను పోవువారికి ఎల్.బి. నగరే పట్టణద్వారము. 2021వ సంవత్సరము వఱకు బత్తాయి, మామిడి తోటల రైతులు తమ సరుకును కొత్తపేటలోని గడ్డిఅన్నారము పండ్ల బజారునకు తెచ్చుచుండిరి. ఆ బజారు పిదప బాటసింగారమునకు తరలినది గాని, రాకపోకలు తగ్గలేదు. మన బిడ్డలు చదువులకును ఉద్యోగ పరీక్షల శిక్షణకును దిల్‌సుఖ్‌నగర్‌లోను చైతన్యపురిలోను గదులు అద్దెకు గొని యున్నారు. కొందఱు సభ్యులు పంటసొమ్ము కూడబెట్టి అచ్చట చిన్న యిల్లు కొని, దానిపై అంతస్తు లేపి, విద్యార్థుల కద్దె కిచ్చుచున్నారు. అట్టి యిండ్లలో మాటిమాటికి వినవచ్చు కోరిక యొకటి కలదు: "ఇచ్చట ఇంకొక ప్లగ్గు కావలెను."

ఈ పాఠము ఆ కోరికను గూర్చినది. పల్లెలోని యింటికిని ఇదే న్యాయము వర్తించును, నియమము లొక్కటియే. ప్లగ్గు పెట్టుట గోడకు తొలి పొడుచుట వంటి చిన్నపని యని తలచుటయే మొదటి పొరపాటు. అది ఇంటి విద్యుత్తునకు క్రొత్త శాఖ కల్పించుట. దానికి లెక్క కలదు, శాస్త్రము కలదు, చట్టము కలదు. ఈ మూడింటిని క్రమముగా వివరింతుము.

1. కాలువకును తీగెకును గల భేదము

కాలువ సంగతి మనకు తెలిసినదే. నూఱు ఎకరములకై త్రవ్విన పిల్లకాలువకు ఇంకొక పది తూములు పెట్టినచో చివరి మడికి నీరందదు. పైరు వాడును, రైతులు తగవులాడుదురు. అనగా కాలువ తన శక్తికి మించి యీయదు. చివరి మడి యెండుటయే దాని హెచ్చరిక.

తీగె అట్లు కాదు. దానిని ఎంత అడిగిన అంతయు నిచ్చును. శక్తికి మించి యిచ్చునపుడు దీపము మసకబాఱవచ్చును, లేక ఏ గుఱుతును కనబడక పోవచ్చును. ఇచ్చినదానికి శిక్షను తీగె గోడలోపల, మన కంటికి కానరాని చోట, వేడి రూపమున అనుభవించును. ఆ వేడి కరెంటుతో సమముగా పెరుగదు. కరెంటు రెండింత లైన వేడి నాలుగింతలును, మూడింత లైన తొమ్మిదింతలును అగును. ఇండ్లలో వాడు తీగెల పి.వి.సి. తొడుగు సాధారణముగా 70 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు ఓర్చుటకై చేయబడినది. దానిని మించి నెలల తరబడి కాగినచో తొడుగు బిరుసెక్కి చిట్లును. అపుడు తీగె తీగెను తాకును, నిప్పు పుట్టును.

2025 మే 18వ తేదీ ఉదయమున చార్మినారు చెంత గుల్జార్ హౌజ్ వద్ద ఒక కట్టడమున నిప్పంటుకొని 17 మంది మరణించిరి. విద్యుత్తు షార్టు సర్క్యూటు కారణమై యుండునని ప్రాథమికముగా తెలుపబడినది. ఇట్టి వార్తలు చదివి అయ్యో యనుకొనుటతో సరిపుచ్చక, మన యింటి గోడలలోని తీగె ఎంత మోయగలదో తెలిసికొనుట వివేకము.

2. ముందుగా లెక్క

మన యిండ్లకు వచ్చు విద్యుత్తు 230 వోల్టులు. ఏ పరికరముపై నైనను దాని వాట్లు వ్రాసియుండును. వాట్లను 230 చేత భాగించిన ఎన్ని ఆంపియర్ల కరెంటు లాగునో తెలియును. ఎనిమిదవ తరగతి బాలుడు సైతము ఈ లెక్క చేయగలడు.

చైతన్యపురి వంటి పేటలో పాత యింటి మేడగది నొకదానిని ఉదాహరణముగా తీసికొందము. అందు 9 వాట్ల దీపములు నాలుగు, 75 వాట్ల పంకాలు రెండు కలవు. మొత్తము 186 వాట్లు. ఒక ఆంపియరైనను నిండదు. వీనికి 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె వేసి, 6 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టియున్నారు. ఇంతవఱకు అంతయు సరియే.

ఇపుడు అద్దెకు వచ్చువారికి నీళ్లు కాచు గీజరు 2000 వాట్లు, చల్లని గాలి యంత్రము 1500 వాట్లు, కరెంటు పొయ్యి 2000 వాట్లు, ఇస్త్రీపెట్టె 1000 వాట్లు కావలసివచ్చినవి. మొత్తము 6500 వాట్లు. 230 చేత భాగింపగా 28 ఆంపియర్లు దాటినది. గొట్టములో వేసిన 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె మోయగలది సుమారు 13 ఆంపియర్లు మాత్రమే. పంకా స్విచ్చిబోర్డు నుండి తీగెలు లాగి ఈ నాలుగింటికి ప్లగ్గులు పెట్టించి, అన్నియు ఒక్కమాఱు నడపినచో తీగెపై బరువు రెండింతలు దాటును. వేడి నాలుగింతలు దాటును.

అట్లు జరుగకుండ ఎం.సి.బి. పడిపోవును. అది దాని ధర్మము. కాని పలువురు "ఈ ఎం.సి.బి. మంచిది కాదు, ఊరక పడుచున్నది" అని దానిని తీసివేసి 32 ఆంపియర్లది పెట్టింతురు. పాత ఫ్యూజు లున్నచోట దళసరి తీగె చుట్టుదురు. ఇది పొలము కాచు కుక్క మొఱిగినదని దానిని తఱిమివేయుట వంటిది. ఎం.సి.బి. కాపాడునది పరికరమును కాదు, తీగెను. కావున తీగె మోయగల కరెంటు కంటె ఎం.సి.బి. అంకె ఎన్నడును పెద్దది కారాదు. ఈ యొక్క వాక్యమును గుఱుతుంచుకొన్నను ఈ పాఠము సార్థకమే.

3. క్రొత్త శాఖ ఎట్లుండవలయును?

భారతీయ ప్రమాణముల సంస్థవారు ఇంటి తీగెల పనికై ఐ.ఎస్. 732 అను ప్రమాణమును, జాతీయ విద్యుత్ నియమావళిని ప్రకటించియున్నారు. వానియందును ప్రభుత్వ కట్టడముల పనులయందును చిరకాలముగా పాటింపబడుచున్న ముఖ్యసూత్రములు ఇవి.

(అ) దీపముల శాఖ, పవరు శాఖ వేఱువేఱుగా నుండవలయును. దీపములు, పంకాలు, చిన్న సాకెట్లు గల యొక్కొక్క శాఖకు 10 చోట్లకు గాని 800 వాట్లకు గాని, ఏది ముందు నిండిన దానికి మించరాదు. 6 ఆంపియర్ల చిన్న సాకెట్టును 100 వాట్లుగా లెక్కింతురు. కావున పైన చెప్పిన గదిలో ఫోనునకో చదువుకొను దీపమునకో చిన్న సాకెట్టు కావలసినచో, ఉన్న శాఖనుండియే ఇయ్యవచ్చును. ప్రతి ప్లగ్గునకు క్రొత్త శాఖ అక్కఱలేదు.

(ఆ) 16 ఆంపియర్ల పెద్ద సాకెట్లకు మాత్రము పంపిణీ బోర్డునుండి ప్రత్యేకముగా శాఖ తేవలయును. ఒక పవరు శాఖపై రెండు సాకెట్లకు మించియు, 3000 వాట్లకు మించియు ఉండరాదు. మన ఉదాహరణములో పొయ్యియు ఇస్త్రీపెట్టెయు కలిసి సరిగా 3000 వాట్లు. ఇవి యొక శాఖ. గీజరునకు ఒక శాఖ. గాలి యంత్రమున కొక శాఖ. అనగా మేడగదికి మూడు క్రొత్త శాఖలు, మూడు క్రొత్త ఎం.సి.బి.లు.

(ఇ) పవరు శాఖకు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తక్కువ కాని రాగితీగె వాడవలయును. అది గొట్టములో సుమారు 18 ఆంపియర్లు మోయును గనుక 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి చాలును. ప్రభుత్వ కట్టడములలో 4 చదరపు మిల్లీమీటర్ల తీగె వాడుట పరిపాటి. దూర మెక్కువైనచోట అదియే మేలు. తీగె చుట్టపై ఐ.ఎస్.ఐ. ముద్రయు ఐ.ఎస్. 694 అను సంఖ్యయు ఉన్నవో లేవో చూచి కొనవలయును.

(ఈ) స్విచ్చియు ఎం.సి.బి.యు ఫేజు తీగెపై నుండవలయును. న్యూట్రలుపై ఒంటి స్విచ్చి గాని ఫ్యూజు గాని పెట్టరాదు. అట్లు పెట్టినచో దీపము ఆఱిపోవును గాని పరికరములో ఫేజు అట్లే నిలిచియుండును. మన యిండ్లలో ఫేజునకు ఎఱుపు, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ తీగె వాడుట చిరకాలపు అలవాటు. ఒక శాఖకు ఇంకొక శాఖ న్యూట్రలును అరువు తేరాదు.

(ఉ) తీగెల అతుకు గొట్టములోపల ఉండరాదు. తెఱచి చూడదగిన పెట్టెలోనే యుండవలయును. పాత యిండ్లు కొన్నింటిలో అల్యూమినియపు తీగెలు కలవు. వానికి రాగితీగెను నేరుగా మెలివేసిన, చెమ్మ తగిలి అతుకు తినివేయబడి వదులగును. వదులైన అతుకు కాగును. అట్టి యిండ్లలో అతుకులు వేయుట మాని క్రొత్త శాఖను బోర్డునుండియే తేవలయును.

4. మూడవ రంధ్రము

సాకెట్టుకు రంధ్రములు మూడు. పై పెద్దది ఎర్తుది. ప్లగ్గులో ఆ కడ్డీ తక్కినవానికంటె పొడవుగా చేయుటకు కారణము కలదు: కరెంటు తగులుటకు ముందే ఎర్తు తగులవలయును, కరెంటు వీడిన పిదపనే ఎర్తు వీడవలయును. కాని పాత యిండ్లు అనేకములలో ఆ రంధ్రము వెనుక తీగెయే యుండదు. చూచుటకు మూడు రంధ్రములు, పనికి రెండే. గీజరులోపల తీగె చెడి ఇనుప డొక్కకు తగిలినపుడు, కరెంటు పోవుటకు ఎర్తు దారి లేనిచో స్నానము చేయువాని శరీరమే దారి యగును.

కొందఱు ఎర్తు లేదని మూడవ రంధ్రమును న్యూట్రలునకే కలుపుదురు. ఇది ఎర్తు లేకుండుట కంటెను ప్రమాదకరము. న్యూట్రలు ఎచ్చటనైన తెగినచో పరికరము డొక్క యంతయు ఫేజు అగును. నీటిగొట్టమును ఎర్తుగా వాడుటయు పనికిరాదు. నేటి గొట్టములు ప్లాస్టికువి.

ఎర్తు గొయ్యికి ఐ.ఎస్. 3043 ప్రమాణము. సుమారు 40 మిల్లీమీటర్ల వ్యాసము, రెండున్నర మీటర్ల పొడవు గల జస్తా పూత ఇనుప గొట్టమును గోడకు మీటరున్నర దూరమున నిలువుగా పాతి, చుట్టును బొగ్గు, ఉప్పు వేయుట అలవాటు. హైదరాబాదు నేల నల్లఱాతిపై నిలిచినది. పైనున్న ఎఱ్ఱ ఇసుకనేల వేసవిలో తడియాఱి కరెంటును సరిగా పీల్చుకొనదు. కావున ఎండకాలమున ఆ గొయ్యికి నీళ్లు పోయుచుండవలయును. చెట్టునకు పోసిన నీరు ఫలమిచ్చును. ఎర్తునకు పోసిన నీరు ప్రాణమును నిలుపును.

5. ప్రాణమును కాపాడు పరికరము

ఎం.సి.బి. తీగెను కాపాడునని చెప్పితిమి. మనిషిని కాపాడునా? కాపాడదు. తడిసిన శరీరపు అడ్డు సుమారు వేయి ఓములనుకొన్నచో, 230 వోల్టుల వలన దానిగుండ పాఱు కరెంటు 0.23 ఆంపియరు. ఇది గుండెను ఆపుటకు చాలును; 6 ఆంపియర్ల ఎం.సి.బి.కి ఇది లెక్కలోనికే రాదు. మనిషి పడిపోవును గాని ఎం.సి.బి. పడదు.

దీనికై ఆర్.సి.సి.బి. యను వేఱు పరికరము కలదు. పోయిన కరెంటును తిరిగివచ్చిన కరెంటును ఇది సరిచూచుచుండును. 30 మిల్లీ ఆంపియర్లు, అనగా ఆంపియరులో నూఱింట మూడు వంతులు, దారి తప్పి నేలకు పోయినను క్షణములో కరెంటును తెంచును. చిన్న కనెక్షన్లు కొన్నింటిని మినహాయించి ఇట్టి లీకేజి రక్షణను కేంద్ర నియమములు విధించుచున్నవి. ఇండ్లకు తగినది 30 మిల్లీ ఆంపియర్లది. దానిపై "టెస్టు" అను మీట యుండును. నెల కొకమాఱు దానిని నొక్కి చూడవలయును. కరెంటు పోయిన పరికరము మంచిది, పోకున్న మార్పించవలయును. అయితే రెండు చేతులతో ఫేజును న్యూట్రలును ఒక్కమాఱు పట్టుకొన్నవానిని ఇదియు రక్షింపజాలదు. కావున ఇది జాగ్రత్తకు తోడే గాని జాగ్రత్తకు బదులు కాదు.

6. ఎచ్చట పెట్టరాదు?

స్నానపు గదిలో చేతి కందుచోట, నీళ్లు చిందుచోట సాకెట్టు ఉండరాదు. గీజరు స్విచ్చి గదివెలుపల నుండుట మేలు. పొయ్యికిని నీటి తొట్టికిని పైన సాకెట్టు పెట్టరాదు.

2020 అక్టోబరు 13, 14 తేదీల వానలకు సరూర్‌నగర్ చెఱువు చుట్టుప్రక్కల పల్లపు పేటలలో నీరు ఇండ్లలోనికి వచ్చెను. మూసీకిని ఆ చెఱువునకును దాపున నున్న యిండ్లవారు క్రింది అంతస్తులో సాకెట్లను నేలకు దగ్గఱగా పెట్టింపరాదు. మీటరును మెయిను బోర్డును ముంపు ఎఱుగని ఎత్తున నుండవలయును. నీరు గడప దాటకముందే మెయిను తీసివేయవలయును. నీరు వచ్చిన పిదప నీటిలో నిలిచి బోర్డును ముట్టరాదు. 1912 సంఖ్యకు ఫోను చేసి విద్యుత్ సంస్థవారికి తెలుపవలయును.

కరెంటు స్కూటర్లను మెట్లక్రింద, నిద్రించు గది వాకిట పొడుగు తీగెతో చార్జి చేయుట నేడు ప్రబలినది. 2022 సెప్టెంబరు 12వ తేదీ రాత్రి సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన నిప్పు, పొగ పైనున్న వసతిగృహమున కెక్కి 8 మంది ప్రాణములు పోయినవి. బయటికి పోవు దారియందు చార్జి చేయరాదు. దానికి తగిన సాకెట్టు గాలి యాడు చోట వేఱుగా నుండవలయును.

7. ఎవరు చేయవలయును?

1956 నాటి విద్యుత్ నియమములలోనే ఈ విషయము కలదు. 2003 విద్యుత్ చట్టము పిదప కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థవారు 2010లోను, మరల 2023లోను చేసిన భద్రతా నియమములు దానినే నిలిపినవి. వాని సారాంశ మిది: దీపము, పంకా, ఫ్యూజు, స్విచ్చి చెడినపుడు అట్టిదానినే మార్చుట తప్ప, ఇంటి తీగెలకు చేయు చేర్పులు, మార్పులు, మరమ్మతులు ప్రభుత్వ లైసెన్సు గల కంట్రాక్టరుచేతనే, యోగ్యతాపత్రము గలవాని పర్యవేక్షణలో, పర్మిటు గల పనివానిచే చేయింపవలయును. విఱిగిన సాకెట్టును మార్చుట మార్పిడి. లేనిచోట సాకెట్టు పెట్టుట చేర్పు. ఈ భేదమును మఱువరాదు.

పని ముగిసిన పిదప "వెలుగుచున్నది గదా" యని డబ్బిచ్చి పంపరాదు. ముందుగా, 500 వోల్టుల మెగ్గరుతో తొడుగు పరీక్ష చేయింపవలయును. ఫలము 1 మెగోమునకు తక్కువ కారాదు. రెండవది, ప్రతి సాకెట్టునకు ఎర్తు నిజముగా అందుచున్నదో లేదో చూడవలయును. మూడవది, ఫేజు కుడి రంధ్రమున నున్నదో లేదో చూడవలయును. ఈ ఫలములను కాగితముపై వ్రాయించుకొని ఇంటి పత్రములతో నుంచుకొనవలయును.

8. మీటరునకు అవతల

మీటరు తీసికొన్నపుడు మన మొక లోడునకు ఒప్పుకొని యుందుము. రెండు కిలోవాట్లకు ఒప్పుకొని ఆఱున్నర కిలోవాట్ల పరికరములు పెట్టుట న్యాయము కాదు. వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు అందఱు చెప్పిన లోడులను బట్టి పెట్టబడినది. చెప్పకుండ మోటార్లు హెచ్చించినపుడు ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలి పైరులెండిన దినములు మన మెఱుగనివి కావు. చైతన్యపురి వీధికిని అదే గతి. దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థవారికి దరఖాస్తు పెట్టి అదనపు లోడు మంజూరు చేయించుకొన్న పిదపనే క్రొత్త శాఖలను వాడవలయును. మఱియు మన మీటరునుండి ప్రక్క స్థలమునకో వేఱొకరి యింటికో తీగె లాగి యిచ్చుట 2003 చట్టము 126వ సెక్షను ప్రకారము అనధికార వినియోగము.

9. బిడ్డను గదిలో దింపు తండ్రికి

బిడ్డను వసతిగృహమున చేర్చునపుడు భోజనమును, అద్దెను విచారింతుము. ఇకమీద ఈ నాలుగింటిని గూడ చూడుడని కోరుచున్నాము. బోర్డులో ఆర్.సి.సి.బి. కలదా? గీజరునకు వేఱు ఎం.సి.బి. కలదా? సాకెట్టు చుట్టు నల్లని మాడు గుఱుతు గాని, తాకిన వెచ్చదనము గాని కలదా? ప్లగ్గు లేని తీగెలను అగ్గిపుల్లలతో రంధ్రములలో గ్రుచ్చి వాడుచున్నారా? ఇవి అడుగుటకు మొగమాట పడవలదు. సమాధానము తృప్తికరము కానిచో ఇంకొక గది వెదకుట మేలు. మనమే యింటి యజమానుల మైనచో, మన గదిలో నిద్రించు బిడ్డ వేఱొక రైతు కన్నబిడ్డయని తలచి ఆ పని చేయింపవలయును.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. మీ యింటి పరికరముల వాట్లన్నియు కూడి 230 చేత భాగింపుడు. ఎన్ని ఆంపియర్లు? మీరు ఒప్పుకొన్న లోడెంత?
2. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగెకు 32 ఆంపియర్ల ఎం.సి.బి. పెట్టుట ఏల తగదు?
3. ఎం.సి.బి. పడక మనిషి పడుట ఎట్లు సంభవించును? దానిని నివారించు పరికర మేది?
4. మీ యింటి ఎర్తు గొయ్యి ఎచ్చట నున్నది? దానికి కడపట నీళ్లు పోసిన దెన్నడు?

నాలుగవ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేనివారు, ఈ సంచికను మడిచిపెట్టి, ముందుగా దానిని వెదకుదురు గాక.